వీగిపోలేదు, ఓడించారు

2025 ఏప్రిల్ 3. అర్ధరాత్రి దాటి చాలాసేపయింది. జిల్లా ఎడిషన్‌లో ఒక పేజీ ఆగి ఉంది. వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో ఏమైందో తేలితే గాని ఆ పేజీ ప్రెస్సుకు పోదు. చివరికి అంకెలు వచ్చాయి. అనుకూలం 288, వ్యతిరేకం 232. ఇంగ్లీషు కాపీలో ప్రతిపక్షం గురించి ఒక క్రియ వాడారు: ఔట్‌వోట్. నేను దాన్ని తెలుగులో 'ప్రతిపక్షాన్ని ఎక్కువ ఓట్లతో ఓడించారు' అని కొట్టాను. డెస్కు పెద్ద దాన్ని దిద్దాడు. 'ప్రతిపక్షాల సవరణలు వీగిపోయాయి. బిల్లుకు సభ ఆమోదం' అని పెట్టాడు. 'తెలుగులో గిట్లనే రాస్తరు భాయ్, అందరికీ అర్థమైతది' అన్నాడు.

ఆయన నాకు మిత్రుడే. ఆయన దిద్దుబాటులో భాషాదోషం ఏమీ లేదు. మన పత్రికలన్నీ ఏళ్ల తరబడి అట్లాగే రాస్తున్నాయి. నేనూ రాశాను. కాని ఆ రాత్రి సూర్యాపేట ఇంటికి చేరాక నిద్ర పట్టలేదు. తెల్లవారి ఫజర్ నమాజుకు లేచిన అబ్బాజాన్ అంకెలు అడిగాడు. చెప్పాను. కొంచెంసేపు ఊరుకుని, 'హారే నై బేటా, గిన్తీ మే కమ్ పడే' అన్నాడు. ఓడలేదురా, లెక్కలో తక్కువ పడ్డాం అని. ఉర్దూ మీడియంలో చదువుకున్న ఆ ముసలాయనకు ఇంగ్లీషు క్రియ తెలియదు. కాని దాని అర్థం మా డెస్కు కన్నా ఆయనకే బాగా తెలుసనిపించింది.

ఈ వ్యాసం ఆ క్రియ గురించి. ఒక క్రియ కోసం ఇంత దూరం వెళ్లాలా అని లౌకికవాద మిత్రులు అడగొచ్చు. ఓట్ల లెక్కలో ఎప్పుడూ తక్కువపడే వాళ్లకు ఆ లెక్కను ఏ మాటతో చెబుతున్నారన్నది చిన్న విషయం కాదు.

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. ఔట్‌వోట్ అంటే ఎదుటివాళ్ల కంటే ఎక్కువ ఓట్లు వేసి వాళ్లను ఓడించడం. ఇందులో 'ఔట్' అంటే బయటికి నెట్టడం కాదు, మించిపోవడం. పరుగులో మించితే ఔట్‌రన్, సంఖ్యలో మించితే ఔట్‌నంబర్. క్రికెట్‌లో ఔటైనవాడు మైదానం వదలి పోవాలి. ఔట్‌వోట్ అయినవాడు ఎక్కడికీ పోనక్కరలేదు. సభలోనే తన కుర్చీలోనే ఉంటాడు, రేపటి ఓటింగులో మళ్లీ చెయ్యి ఎత్తుతాడు. ఓడిన రోజున కూడా అతను సభలో సభ్యుడే. ఇది ఆ క్రియలో ఉన్న మర్యాద.

రెండోది, అది సకర్మక క్రియ. ఓడించినవాళ్లు ఎవరో, ఓడినవాళ్లు ఎవరో చెప్పకుండా ఆ క్రియతో వాక్యం పూర్తి కాదు. కర్మణి ప్రయోగంలో పెట్టినా ఎవరో ఓడించారన్న సంగతి దాగదు. మన 'వీగిపోయింది' అట్లా కాదు. గోడ కూలిపోయింది, కుండ పగిలిపోయింది, తీర్మానం వీగిపోయింది. ఎవరు కూల్చారు, ఎవరు పగలగొట్టారు? వ్యాకరణం అడగదు. తీర్మానం తన బలహీనత వల్ల తానే పడిపోయినట్టు ఉంటుంది. 'సభ తిరస్కరించింది' అన్నది ఇంకో దారి. అందులో సభ అంతా ఒకే మనిషి. ఆ రాత్రి వ్యతిరేకంగా ఓటు వేసిన 232 మంది సభలో లేనట్టే లెక్క.

కర్త లేని ఈ వాక్యాలు మా చెవులకు కొత్త కాదు. ఘర్షణలు 'చెలరేగుతాయి'. దుకాణాలు 'దగ్ధమవుతాయి'. ఉద్రిక్తత 'నెలకొంటుంది'. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిందా, కూల్చారా? ఈ రెండు క్రియల మధ్య ఒక తరం ముస్లిం కవులు తెలుగులోకి వచ్చారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అంతకు ముందే, 1991లోనే వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. ఆ కవిత్వం మీద ఆవేశం ఎక్కువన్నారు, శిల్పం తక్కువన్నారు. నా మటుకు నాకు ఆ కవిత్వం చేసిన పెద్ద పని ఒకటే కనిపిస్తుంది. కర్త లేని తెలుగు వాక్యానికి కర్తను వెతికి పెట్టింది. విమర్శకులు ఆ పనిని ఇంకా సరిగ్గా గుర్తించలేదు.

ఉర్దూ పత్రికలు ఏం రాస్తాయి? 'కస్రతె రాయ్ సే' అంటాయి. అభిప్రాయాల ఆధిక్యతతో అని అర్థం. ఓడినవాళ్లదీ ఒక 'రాయ్' అనీ, అది తప్పు కావడం వల్ల కాక తక్కువ మందిది కావడం వల్ల ఓడిందనీ ఆ మాటలోనే ఉంది. తెలుగు పత్రికల్లో 'అభ్యర్థుల ఎంపికపై కసరత్తు' అని వచ్చే కసరత్తు వేరు. చెవికి ఒకటే అనిపించినా ఉర్దూ లిపిలో అక్షరం వేరు. అది దండీలు, బస్కీలు తీసే కసరత్తు. మన ఎన్నికల్లో రెండూ కలిసిపోయాయి.

మూజువాణి ఓటు సంగతి ఇంకా తమాషా. చేతులు లెక్కపెట్టకుండా, గొంతులు విని ఫలితం ప్రకటించడానికి తెలుగు పత్రికలు ఈ మాట వాడతాయి. చాలామంది దీన్ని వాణి అన్న సంస్కృతం మాటతో కలిపి చూస్తారు. అది మా 'ముహ్ జబానీ'. నోటిమాటగా అని అర్థం. రాజీనామా కూడా మాదే. ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరు రాజీ పడి రాసుకున్న కాగితం. తెలుగులోకి వచ్చి పదవి వదులుకునే కాగితమైంది. ఫిర్యాదు, హాజరు, రద్దు, వకీలు, జిల్లా - పాలన గురించి తెలుగువాడు నోరు తెరిస్తే సగం మాటలు ఉర్దూ దారిన వచ్చినవే. మమ్మల్ని మూజువాణితో ఓడించినప్పుడు కూడా మా మాటతోనే ఓడించారన్నమాట. భాషలో ఇంత లోపలికి వచ్చినవాళ్లను బయటివాళ్లని ఎట్లా అంటారు?

అసలు గందరగోళం మెజారిటీ అన్న మాటలో ఉంది. తెలుగులో ఈ ఒక్క మాట మూడు పనులు చేస్తోంది. సభలో సగం కంటే ఎక్కువ ఓట్లు వస్తే మెజారిటీ. 'పదివేల మెజారిటీతో గెలుపు' అంటే ఇద్దరి ఓట్ల మధ్య తేడా. 'మెజారిటీ ప్రజల మనోభావాలు' అంటే ఒక మతం వాళ్లు. మొదటి రెండూ లెక్కపెట్టినవి. మూడోది పుట్టుకతో వచ్చింది. ఒకే మాట కావడంతో లెక్కపెట్టినదానికి ఉన్న సాధికారత అంతా లెక్కపెట్టని దానికి వచ్చేస్తుంది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో 31 శాతం ఓట్లతో బీజేపీకి 282 సీట్లు వచ్చాయి. సీట్లలో అది మెజారిటీయే. ఓట్లలో కాదు. ఓటేసిన హిందువులందరూ ఆ వైపే ఉంటే ఆ శాతం అంత ఉండదు. అయినా ఆ గెలుపును 'మెజారిటీ ప్రజల తీర్పు' అన్నప్పుడు ఈ మూడు అర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఈ తేడాను అందరికంటే ముందు, అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు అంబేద్కర్. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ, ఈ దేశంలో మైనారిటీలు ఒప్పుకున్నది రాజకీయ మెజారిటీ పాలనను కాదనీ, ప్రధానంగా మతపరమైన మెజారిటీ పాలననీ, వివక్ష చూపకుండా ఉండవలసిన బాధ్యత ఆ మెజారిటీదేననీ అన్నాడు. రాజకీయ మెజారిటీ ఈ రోజు ఉంటుంది, రేపు పోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269 - 270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. కొన్ని నెలలకు ఎన్నికల్లో మళ్లీ గెలిచింది. ఔట్‌వోట్ అంటే అదీ. ఒక రోజు ఓటమి. మతంతో లెక్క కట్టే మెజారిటీ ముందు ఉండేది ఔట్‌వోట్ కాదు, ఔట్‌నంబర్. అది ఏ ఒక్క రోజుదీ కాదు. పొద్దున లేచేసరికే ఓడిపోయి ఉంటాం.

రాజ్యాంగ సభలో ముస్లిం సభ్యులు దీనికి దారులు వెతికారు. 1947 ఆగస్టులో మద్రాసు నుంచి వచ్చిన బి. పోకర్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు ఉంచాలని సవరణ పెట్టాడు. సభ కాదంది. 1949 మేలో చట్టసభల్లో మతమైనారిటీలకు అనుకున్న రిజర్వుడు సీట్లు కూడా తీసేశారు. అప్పుడు ముస్లిం సభ్యులు ఒక మాట మీద లేరు. మహమ్మద్ ఇస్మాయిల్ ప్రత్యేక నియోజకవర్గాలే కావాలన్నాడు. బేగం ఐజాజ్ రసూల్, తజమ్ముల్ హుసేన్ రిజర్వేషన్లు వద్దన్నారు. జడ్.హెచ్. లారీ మధ్యదారి చెప్పాడు. ఒకే నియోజకవర్గం నుంచి కొందరు సభ్యులు రావాలి, ఓటరు తన ఓట్లన్నీ కావాలంటే ఒక్కరికే వేసుకోవచ్చు. మతం పేరు ఎత్తకుండానే చిన్న గుంపుకు కూడా గొంతు దొరికే పద్ధతి అది. అదీ నెగ్గలేదు. ప్రత్యేక నియోజకవర్గాలు పోవడం మంచిదేనని నా అభిప్రాయం. ఎవరి డబ్బాలో వాళ్లం ఓట్లు వేసుకుంటే పక్కింటివాడితో మాట్లాడే పనే ఉండదు. కాని లారీ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు. పైగా మేము, అంటే హైదరాబాదు సంస్థానం వాళ్లం, ఆ సభలో లేనే లేము. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత మా ఊళ్లు భయంతో కిటికీలు మూసుకుని ఉన్న రోజులవి. ఓట్లలో తక్కువ పడడానికైనా ఓటుండాలి కదా. మాకు అదీ లేదు.

అయితే మా నల్గొండ గడ్డ మీదే దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. పోలీసు చర్య జరిగిన నాలుగేళ్లకు, 1952లో, కోదాడకూ మిర్యాలగూడకూ మధ్యనున్న హుజూర్‌నగర్ నుంచి ఉపఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభకు వెళ్లినవాడు మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి. కార్మిక నాయకుడు. ఆయనకు ఓటు వేసినవాళ్లలో అత్యధికులు తెలుగు రైతులు, కూలీలు. ఉర్దూ రానివాళ్లు. రజాకార్ల జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో ఆ జనం ఒక ముసల్మాను పేరును ఎంచుకున్నారు. భూమి కోసం జరిగిన పోరాటం ఆ మెజారిటీని తయారుచేసింది. ఆ మెజారిటీలో మా తాతలూ ఉన్నారు. రాజకీయ మెజారిటీ అంటే ఏమిటో పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం మా జిల్లాకు లేదు. మర్చిపోయిన సంగతిని గుర్తు చేసుకుంటే చాలు.

ఇప్పుడు లౌకిక తెలుగు పాఠకుడితో, ముఖ్యంగా తెలంగాణ పాఠకుడితో ఒక మాట. ఎప్పుడూ తక్కువపడడం ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 294 సీట్లు. అందులో తెలంగాణవి 119. నీళ్లయినా, ఉద్యోగాలైనా, ఎంత న్యాయమైన మాటైనా లెక్కకొస్తే 119 ఎప్పుడూ 175 కంటే తక్కువే. 1956 పెద్దమనుషుల ఒప్పందం కాగితం మీద ఉండిపోయింది. 2014 జనవరి 30న రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని ఆ అసెంబ్లీ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ఆ రోజు సూర్యాపేట టీకొట్ల దగ్గర జనం ఏమన్నారు? 'ఇదేం ప్రజాస్వామ్యం? ఎక్కువ మంది ఉంటే చాలా?' అన్నారు. నేను ఆ మాటలు రాసి పంపాను. మూడో అధికరణం కింద అసెంబ్లీ అభిప్రాయం చెప్పాలే గాని తుది మాట దానిది కాదు కాబట్టి తెలంగాణ వచ్చింది. అంటే ఆ మెజారిటీ చేతికి అందని చోట రాజ్యాంగం ఒక తలుపు పెట్టింది కాబట్టి వచ్చింది.

న్యాయంగా ఇంకో సగం కూడా చెప్పాలి. ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆ బిల్లు నెగ్గింది కూడా మూజువాణితోనే. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కోదాడ సరిహద్దు ఊరు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ ఎందరో. ఎరువుల దుకాణం నడిపే ఒకాయన ఆ సాయంత్రం నాతో, 'మమ్మల్ని లెక్కయినా పెట్టలేదండీ' అన్నాడు. తెలంగాణవాదిగా నాకు ఆ రోజు పండగ. కాని ఆ మాట ముల్లులా దిగింది. ఓడిపోవడం కంటే లెక్కపెట్టకపోవడం ఎక్కువ నొప్పి. అందుకే సభల్లో మూజువాణి ఫలితం ఒప్పుకోనివాళ్లు డివిజన్ కావాలని పట్టుబడతారు. గెలుస్తామని కాదు. మేమిందరం ఉన్నామని కాగితం మీదికి రావాలని. ఆ అనుభవం నిన్నటిదాకా మనది. సొంత రాష్ట్రంలో మనం ఎక్కువమందిమి అయ్యాక దాన్ని ఎంతమంది గుర్తుపెట్టుకున్నాం?

తెలంగాణకు సరిహద్దు గీయడానికి వీలుంది. ముసల్మానుకు వీల్లేదు, మాకు అక్కరలేదు కూడా. మేము సూర్యాపేట సందుల్లో, మిర్యాలగూడ రైసుమిల్లుల్లో, కోదాడ బస్టాండు ముందు మీ మధ్యనే ఉంటాం. 2023 ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేలలో ముస్లింలు ఏడుగురు గెలిచారు. ఏడుగురూ హైదరాబాదు నగరం నుంచి, ఒకే పార్టీ నుంచి. జిల్లాల నుంచి ఒక్కరూ లేరు. మా జిల్లాల్లో మాకు దొరికేది కో-ఆప్షన్ సభ్యత్వం. మిర్యాలగూడ వైపు ఒక మండల పరిషత్తులో మైనారిటీ కో-ఆప్షన్ సభ్యుడిగా చేసిన ఒక పెద్దమనిషిని, 'ఎట్లుంటది చాచా లోపల?' అని అడిగాను. 'మాట్లాడనిస్తరు బేటా. కుర్చీ ఇస్తరు, చాయ్ ఇస్తరు. చేతులెత్తుమన్నప్పుడు మాత్రం నా చెయ్యి తొడ మీదనే ఉండాలె' అన్నాడు. ఆ పదవికి మాట ఉంది, ఓటు లేదు. నాకు అప్పుడు తట్టింది. ఔట్‌వోట్ కావడం కూడా ఒక హోదాయే. చాచాను ఎవరూ ఔట్‌వోట్ చెయ్యలేరు. ఆయనకు ఓటే లేదు.

ఇదంతా బయటివాళ్ల మీద ఫిర్యాదుగా ముగిస్తే నేను సగం నిజమే చెప్పినవాణ్ణి అవుతాను. కొన్నేళ్ల క్రితం మా మసీదు కమిటీలో నోటీసు బోర్డు ఉర్దూతో పాటు తెలుగులోనూ రాయాలని అడిగాను. మా పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. జుమాకు వచ్చే దూదేకుల అన్నదమ్ములకు తెలుగే ఇంటి భాష. చేతులెత్తించారు. నా వైపు రెండు చేతులు, అటు తొమ్మిది. సరే, ఓడాను. బాధ లేదు. కాని మినిట్స్ పుస్తకంలో 'ఇత్తెఫాఖె రాయ్ సే' అని రాశారు. అంటే ఏకగ్రీవంగా అని. 'మా రెండు చేతులేవి?' అని అడిగితే, 'ఘర్ కీ బాత్ హై, చోడో మియాఁ' అన్నారు. ఇంటి మాట, వదిలెయ్యమని. ఆ ఇంట్లో మా అమ్మీకీ, నా చెల్లెళ్లకూ చెయ్యి ఎత్తే చోటే లేదు. బయట మమ్మల్ని లెక్కలోంచి ఎట్లా తుడిచేస్తున్నారో లోపల మేమూ అట్లాగే కొందరిని తుడిచేస్తున్నాం. బయట 'సభ తిరస్కరించింది' అన్న వాక్యానికీ లోపల 'ఏకగ్రీవం' అన్న వాక్యానికీ తేడా లేదు.

అందుకే ఓడినవాడికి ఒక హక్కు ఉంది, దాన్ని వదులుకోకూడదు. అసమ్మతి రాయించే హక్కు. వక్ఫ్ బిల్లు మీద సంయుక్త పార్లమెంటరీ కమిటీ నివేదిక 2025 ఫిబ్రవరి 13న సభ ముందుకు వచ్చినప్పుడు, ప్రతిపక్ష సభ్యుల అసమ్మతి పత్రాల్లో కొన్ని భాగాలు తీసేశారని గొడవ జరిగింది. చివరికి వాటిని చేర్చక తప్పలేదు. బిల్లు ఆగలేదు. కాని రేపు ఎవరో ఒక విద్యార్థి ఆ నివేదిక తెరిస్తే ఆనాడు కాదన్నవాళ్లు ఏమన్నారో, ఎందుకన్నారో కనిపిస్తుంది. న్యాయస్థానాల్లో నిన్నటి అసమ్మతి తీర్పు రేపటి తీర్పయిన సందర్భాలున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా తెలుగులో వస్తున్న ముస్లిం సాహిత్యాన్ని నేను ఈ దేశపు మినిట్స్ పుస్తకంలో రాయించిన అసమ్మతి పత్రంగా చదువుతాను. అది గెలుపు పాట కాదు. ఏడుపు అని కొందరన్నారు, అదీ కాదు. 'ఏకగ్రీవం కాదు, మేం చెయ్యి ఎత్తాం' అన్న ఒక్క మాట.

తెలుగులో ఔట్‌వోట్‌కు ఏం రాయాలి? కొత్త సంస్కృత సమాసం అక్కరలేదు. అధికసంఖ్యా అని మొదలుపెడితే ఎవరూ చదవరు. 'ఎక్కువ ఓట్లతో ఓడించారు' చాలు. శీర్షికలో చోటు లేదంటారా, అప్పుడు 288 - 232 అని రెండు అంకెలూ వెయ్యండి. రెండో అంకె మింగెయ్యకండి. మూజువాణి అయితే లెక్కపెట్టలేదని రాయండి. మెజారిటీ అన్న మాట వాడేటప్పుడు ఏ మెజారిటీయో చెప్పండి. లెక్కపెట్టినదా, పుట్టినదా? ఓటుతో తేలే విషయాలు ఓటుతో తేలనివ్వండి. నా నమాజు, నా భాష, నా పిల్లల బడి, నా పౌరసత్వం ఎన్ని ఓట్లకు ఓడతాయో అడగకండి. రాజ్యాంగం వాటిని ఓటు పెట్టెకు బయట పెట్టింది.

మొన్న ఒక మున్సిపల్ సమావేశం వార్త రాస్తూ 'ఇద్దరు సభ్యుల ప్రతిపాదనను పద్దెనిమిది మంది ఓడించారు' అని పంపాను. మా డెస్కు మిత్రుడు ఈసారి దిద్దలేదు. ఫోన్ చేసి, 'ఆ ఇద్దరి పేర్లు గూడ పంపు భాయ్' అన్నాడు.